మన నడుము నొప్పి ఎవరికీ పట్టదా?

నాట్ల కాలం వచ్చిందంటే మన పల్లెల్లో ఏ ఇంట చూసినా అమృతాంజనం వాసనే. పొద్దున్నే మడిలో దిగిన అమ్మలక్కలు పొద్దుగూకేదాకా వంచిన నడుము ఎత్తరు. రాత్రికి మోకాళ్లు పట్టేస్తాయి. "ఎట్టుందే అక్కా?" అంటే "కూలోళ్లకి నొప్పులు మామూలేగా" అంటది. ఏళ్ల తరబడి ఇట్టాగే ఈడుస్తారు గానీ ఆసుపత్రి గడప తొక్కరు.

ఎందుకు తొక్కరు? వీళ్లకు తెలివి లేదంటారు చదువుకున్న పెద్దలు. మనం ఒప్పుకోం. మన అక్కకు లెక్క బాగా తెలుసు. సర్కారు ఆసుపత్రి తెరిచేది మనం మడిలో ఉన్నప్పుడు, మూసేది మనం ఇల్లు చేరే వేళకు. పోతే ఆ రోజు కూలి పాయె, బస్సు ఛార్జీ పాయె. తీరా పోతే చెయ్యి పెట్టి చూడకుండానే నాలుగు మాత్రలు పోసి, "బరువు పని చెయ్యొద్దు, రెస్టు తీసుకో" అంటారు. రెస్టు తీసుకుంటే పొయ్యిలో పిల్లి లేచేదెట్టా?

అందుకే ఊళ్లో ఆర్‌ఎంపీయే దిక్కు. రాత్రి పూట వస్తాడు, అప్పు పెడతాడు, నొప్పి సూది వేస్తాడు. ఆ సూదుల్లో డైక్లోఫెనాక్ ఒకటి. దాని కథ వినండి. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని తేలింది. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీ ఆపమంది కేంద్రం. మనుషుల మందునే పశువులకు వాడుతున్నారని 2015లో పెద్ద సీసాలూ ఆపింది. రాబందులు బతకాలి, కాదనం. కానీ నెలల తరబడి ఆ మందే వాడితే మనిషి మూత్రపిండాలకూ ప్రమాదమే. మన అక్కల లెక్క ఎవరు రాశారు?

1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది, పొలం కూలీకి అందులో చోటు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషనుకో, ఆసుపత్రిలో చేరితేనో కార్డు పనికొస్తది. రోజూ సలిపే నడుముకు ఏ కార్డూ లేదు. అంటే పూర్తిగా పడిపోయేదాకా ఆగమనేగా!

మన తప్పూ ఉంది. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి సభలు పెట్టాం. మన ఆడోళ్ల నడుము గురించి ఒక్క తీర్మానం చేశామా?

ఇకనైనా అడుగుదాం. నాట్లు, కోతల కాలంలో సాయంత్రం పూట డాక్టరు ఉండాలి. వారానికోసారి పల్లెకే రావాలి. చికిత్సకు పోయిన రోజు కూలి ఇవ్వాలి. నొప్పి మన కర్మ కాదు, మన చాకిరీకి ఇంకా కట్టని బాకీ. వసూలు చేసుకుందాం.

జై భీమ్!