తీగ తీసేయించే ముందు



పోయిన నెల వంటింటి మాటలు చదువుకున్నాం. ఈ నెల ఇంట్లో ఇంకో మూల ఉండే వస్తువు గురించి రాస్తాను. అదే ఫోను, దానితో పాటు ఇంటర్నెట్. మీలో చాలామంది శాక్రమెంటో, మొడెస్టో, హేవర్డ్ వంటి ఊళ్లలో ఉన్నారు. అక్కడ ఇది పెద్ద చిక్కు కాదు. కానీ కొండల్లో, పొలాల మధ్యన ఇల్లు కొనుక్కున్నవాళ్లు గుడిలో కనబడినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు: "టీచరమ్మా, ఏ కంపెనీ మంచిది?"

కంపెనీ పేరు నేను చెప్పను. మా ఇంటికి బాగా పనిచేసేది మీ ఇంటిదాకా రాకపోవచ్చు. ఎలా అడగాలో, ఏం అడగాలో చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి. మేము ఎల్ డొరాడో కౌంటీలో, సియెర్రా కొండల దిగువన ఉంటాం. చుట్టూ పైన్ చెట్లు. మా అమ్మకు ఎనభై మూడేళ్లు. ఫిజీలో లంబాసాలో పుట్టింది. మా ఇంటి వెనకాల చిన్న ఇంట్లో ఉంటుంది. మెడలో ఒక బొత్తాం వేసుకుంటుంది. కింద పడితే అది నొక్కాలి. అది ఆమె ఇంటి ఫోను ద్వారా సాయానికి కబురు పంపుతుంది.

కొన్నేళ్ల కింద ఒక కంపెనీ మనిషి వచ్చి, పాత రాగి తీగ ఫోను తీసేసి, ఇంటర్నెట్ మీద నడిచే ఫోను పెట్టుకోమన్నాడు. రెండూ కలిపి తీసుకుంటే నెలకు ఇరవై డాలర్లు తగ్గుతుందన్నాడు. నేను సంతోషంగా సంతకం పెట్టాను. లెక్కల టీచర్ని కదా, ఇరవై డాలర్లు తగ్గుతుందంటే వెంటనే పన్నెండుతో గుణించాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

ఒక అక్టోబరు రాత్రి గాలి బాగా వీచింది. మంటలు పుడతాయన్న భయంతో మా వైపు కరెంటు ఆపేశారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఇది తెలిసినదే. 2018 నవంబరులో పారడైజ్ ఊరు కాలిపోయి 85 మంది చనిపోయిన తరువాత, గాలి రాత్రుల్లో కరెంటు ఆపడం బాగా ఎక్కువైంది. కరెంటు పోయింది. దానితో ఇంటర్నెట్ పెట్టె ఆగింది. ఇంటర్నెట్‌తో ఫోను పోయింది. ఫోనుతో అమ్మ బొత్తాం కూడా పోయింది. మా లోయలో సెల్ సిగ్నల్ ఎప్పుడూ అంతంత మాత్రమే.

రాత్రి పదకొండు గంటలకు అమ్మ టార్చిలైటు పట్టుకుని మా తలుపు కొట్టింది. "ఏమే, ఫోను చచ్చిపోయిందే" అంది. చీకట్లో మెట్టు తప్పి మోకాలు కొట్టుకుంది. పెద్ద దెబ్బ కాదు. కానీ ఆమె నడిచి రాగలిగింది కాబట్టి నాకు తెలిసింది. నడవలేని దెబ్బ తగిలి ఉంటే తెల్లవారేదాకా నాకు తెలిసేది కాదు.

ఎందుకు అలా జరిగింది? పాత రాగి తీగలో మాటతో పాటు కొంచెం కరెంటు కూడా ఎక్స్చేంజి నుంచే వస్తుంది. అక్కడ పెద్ద బ్యాటరీలు, జనరేటర్లు ఉంటాయి. అందుకే మన ఇంట్లో దీపాలు ఆరినా ఆ ఫోను పలుకుతుంది. అయితే తీగ ఉన్న మామూలు ఫోను అయితేనే. తీగ లేకుండా చేతిలో పట్టుకుని తిరిగేదానికి ఇంటి కరెంటు కావాలి. ఇంటర్నెట్ ఫోనుకు సొంత బ్యాటరీ ఉండాలి. 2025 దాకా దేశమంతా ఉన్న నియమం ప్రకారం, అలాంటి ఫోను అమ్మే కంపెనీ 8 గంటల బ్యాటరీ, 24 గంటల బ్యాటరీ కొనుక్కునే వీలు చూపించాల్సి ఉండేది. ఉచితంగా ఇవ్వాలని అప్పుడూ లేదు. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మీరు అడగండి. ఇంటర్నెట్ ఫోను పెట్టుకుంటే 911 కోసం మీ ఇంటి అడ్రసు నమోదు అయిందా అని కూడా అడగండి. ఇల్లు మారితే మళ్లీ రాయించాలి.

ఇక ఇంటర్నెట్ వెతకడం. ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ 2022 నవంబరులో దేశం మొత్తానికి ఒక బ్రాడ్‌బ్యాండ్ పటం పెట్టింది. పటం అంటే మ్యాపు. అందులో మీ అడ్రసు కొడితే ఏ కంపెనీలు మీ ఇంటికి ఇస్తామంటున్నాయో కనిపిస్తుంది. "ఇస్తామంటున్నాయో" అని కావాలనే రాశాను. అది కంపెనీలు తామే చెప్పిన మాట. మా అడ్రసుకు ఒక కేబుల్ కంపెనీ పేరు చూపించింది. ఫోన్ చేస్తే, తీగ పెద్ద రోడ్డు దగ్గరే ఆగిందట, మా ఇంటిదాకా తవ్వాలంటే వేల డాలర్లు అవుతుందట! అలా చెప్తే ఆ పటం తప్పు. మామూలు ఖర్చుతో పది పనిదినాల్లో పెట్టగలిగితేనే "ఉంది" అని వాళ్లు చెప్పాలి. మీరు ఆ పటంలోనే ఫిర్యాదు చేయవచ్చు. నేను చేశాను. పల్లెలకు తీగలు వేసే ప్రభుత్వ డబ్బు ఈ పటం చూసే పంచుతారు కాబట్టి, తప్పును వదిలేయకండి.

తీగ రాని చోట మిగిలేవి రెండు. ఒకటి, సెల్ టవరు నుంచి వచ్చే ఇంటి ఇంటర్నెట్. దానికి టవరు దగ్గరగా ఉండాలి, మధ్యలో కొండ ఉండకూడదు. రెండోది ఉపగ్రహం. ఉపగ్రహాల్లోనూ రెండు రకాలు. పాత రకం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావాలి, జవాబూ అలాగే. అర సెకనుకు పైగా పడుతుంది. సినిమా చూడటానికి ఫరవాలేదు. కానీ మన ఆదివారం వీడియో తరగతిలో పిల్లలంతా కలిసి అ ఆ ఇ ఈ చదివితే ఒకరు "ఉ" దగ్గర, ఒకరు "ఇ" దగ్గర ఉంటారు! కొత్త రకం, స్టార్‌లింక్ వంటివి, చాలా తక్కువ ఎత్తులోనే తిరుగుతాయి. ఆలస్యం అంతగా తెలియదు. కానీ డిష్‌కు చెట్లు అడ్డం లేని ఆకాశం కావాలి. మేము రెండు పైన్ చెట్లు కొట్టించాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఎంత వేగం కావాలి? 2024లో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ అంటే కిందికి 100, పైకి 20 మెగాబిట్లు ఉండాలని నిర్ణయించింది. వీడియో తరగతికి ఒక్కరికి మూడో నాలుగో చాలు. పైకి వెళ్లే వేగం మరచిపోకండి. మీ పిల్లవాడి ముఖం నాకు కనిపించాలంటే అదే ముఖ్యం.

డబ్బు సంగతి. 2024 నుంచి ప్రతి కంపెనీ అమ్మే చోట ఒక చీటీ చూపించాలి. తినే సరుకుల డబ్బా మీద ఉండే చీటీలాగే ఉంటుంది. నెల ధర, ఆ ధర ఎన్ని నెలలు ఉంటుంది, ఒప్పందం గడువు ఎంత, వేగం, డేటా పరిమితి, అన్నీ దాని మీద ఉంటాయి. "గడువు" అంటే ఒకదానికి పెట్టిన కాలపరిమితి. ఈ నెల మీరు నేర్చుకోవలసిన మాట ఇదే. "ఒప్పందం" మాత్రం మీకు తెలుసు. మా తాతముత్తాతలు ఓడ ఎక్కేముందు వేలిముద్ర వేసిన ఇంగ్లీషు అగ్రిమెంటు నోట్లో తిరిగి గిర్మిట్ అయింది. దాని గడువు ఐదేళ్లు. ఇంటర్నెట్ బిల్లును దానితో పోల్చకూడదు, పెద్దలు నన్ను క్షమించరు. కానీ అందులో ఏం రాసి ఉందో వాళ్లలో చాలామందికి సరిగ్గా తెలియదు. మనం చదువుకున్నాం కదా, చీటీ ఒకటి చదవడానికి బద్ధకం ఎందుకు?

నెలకు 30 డాలర్లు తగ్గించిన ప్రభుత్వ పథకం 2024 జూన్‌లో ఆగిపోయింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లైఫ్‌లైన్ ఉంది, నెలకు 9.25 డాలర్లు. చిన్నదే, కానీ ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు చెప్పండి.

చివరికి నేను ఏం చేశాను? నాకు ఉపగ్రహం పెట్టుకున్నాను. అమ్మ ఇంటికి మళ్లీ రాగి తీగ ఫోను వేయించాను. కాలిఫోర్నియాలో ఒక పెద్ద కంపెనీ ఈ పాత ఫోను ఇచ్చే బాధ్యత నుంచి తనను తప్పించమని అడిగింది. 2024 జూన్‌లో రాష్ట్ర కమిషన్ ఒప్పుకోలేదు. ముందు ముందు ఏమవుతుందో గాని, ఇప్పటికి అడిగే హక్కు ఉంది. ఫోన్ చేస్తే వేరే ప్యాకేజీలు చెప్తారు. "నాకు మామూలు ఇంటి ఫోను ఒక్కటే కావాలి" అని మూడుసార్లు చెప్పండి. నాకు నాలుగోసారికి ఇచ్చారు.

ఇంకొక్కటి. కంపెనీ మారేటప్పుడు పాత ఫోనును ముందే రద్దు చేయకండి. ముందు కొత్త కంపెనీకి మీ నంబరు చెప్పి, అది వాళ్ల దగ్గరికి మారిన తరువాతే పాతది ఆపండి. లేకపోతే నంబరు పోతుంది. మా అమ్మ నంబరును లంబాసాలో మా పిన్ని క్యాలెండరు పక్కన గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఇక్కడ ఆదివారం సాయంత్రం, అక్కడ సోమవారం. ఆమె ఆ గోడ చూసే ఫోన్ చేస్తుంది.