చేపల జాడ.. బిగింపులోనే తేడా!

ఫిష్‌ ఫైండర్ల అమరికపై బోటు యజమానుల తర్జనభర్జన
వేట విరామమే అదను

విశాఖపట్నం: వేట నిషేధం అమల్లోకి రాగానే మరబోట్లు రేవులకు చేరతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజుల పాటు ఈ విరామం అమలవుతోంది. 2015కు ముందు ఇది 47 రోజులే. ఒడ్డుకెక్కించిన బోటు పలకల సందులు పూడ్చడం, రంగులు వేయడం, ఇంజిను విప్పి బాగుచేయడం వంటి పనులన్నీ ఈ వ్యవధిలోనే ముగియాలి. ఒకసారి నీటిలోకి దిగిన బోటు అడుగుభాగాన్ని మళ్లీ చూసుకునే వీలు అంత సులభంగా చిక్కదు. ఫిష్‌ ఫైండర్‌ సమకూర్చుకున్న యజమానికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది. తెరను చుక్కాని గదిలో ఎక్కడ పెట్టినా ఇబ్బంది లేదు. నీటిలో ఉండాల్సిన ట్రాన్స్‌డ్యూసర్‌ను ఎక్కడ, ఎలా బిగించాలన్న నిర్ణయంపైనే పరికరం ఫలితం ఆధారపడి ఉంటుంది.

ధ్వనే ఆధారం

ట్రాన్స్‌డ్యూసర్‌ సముద్రపు అడుగుకు ధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనిని అందుకుంటుంది. ఉప్పునీటిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. 75 మీటర్ల లోతున్న చోట తరంగం వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ కాలాన్ని బట్టి లోతును, మధ్యలో ఎదురైన చేపల గుంపులను తెరపై చూపుతుంది. సాధారణంగా వాడే తరంగాలు రెండు రకాలు. 200 కిలోహెర్ట్జ్‌ తరంగం తక్కువ లోతులో స్పష్టమైన చిత్రమిస్తుంది. 50 కిలోహెర్ట్జ్‌ తరంగం లోతుకు చొచ్చుకుపోయి విశాల ప్రాంతాన్ని చూపుతుంది గానీ, వివరం తగ్గుతుంది.

ఈ ధ్వనికి ప్రధాన శత్రువు గాలి. ట్రాన్స్‌డ్యూసర్‌ ముఖం మీదుగా నురగ, బుడగలు సాగితే తరంగం వాటికే తగిలి వెనుదిరుగుతుంది. రేవులో నిలిపి ఉన్నప్పుడు చక్కగా పనిచేసిన పరికరం బోటు వేగమందుకోగానే మూగబోవడానికి ఇదే కారణం. అటువంటి సందర్భాల్లో యంత్రాన్ని నిందించడం పరిపాటిగా మారింది.

మూడు మార్గాలు.. మూడు షరతులు

అమరికకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది అమరం వైపు, అంటే పడవ వెనుక పలకకు బయటి నుంచి బిగించడం. ఇది చౌక, సులభం. ఔట్‌బోర్డ్‌ ఇంజిన్లతో నడిచే చిన్న ఫైబర్‌ పడవలకు అనువైనది. లోపలి ఇంజినుతో నడిచే మరబోట్లకు మాత్రం ఇది పనికిరాదు. ప్రొపెల్లరు చిమ్మే సుడినీరంతా అమరం కిందుగానే పోతుంది.

రెండోది పడవ లోపలే అడుగుకు జిగురుతో అతికించడం. కన్నం పెట్టే పని ఉండదు. దట్టమైన ఫైబర్‌ పొర గుండా ధ్వని కొంత బలం కోల్పోయినా దాటిపోతుంది. అయితే పొరల మధ్య థర్మకోలు వంటి తేలిక పదార్థం నింపిన చోట అందులోని గాలి ధ్వనిని అడ్డుకుంటుంది. కర్ర బోట్లకు ఈ పద్ధతి అసలే కుదరదు.

మూడోది అడుగున రంధ్రం చేసి బిగించడం. మరబోట్లకు మేలైన ఫలితమిచ్చేది ఇదే. ప్రొపెల్లరుకు ముందు, వెన్నుదూలానికి పక్కగా, బోటు ఎంత ఊగినా నీటిని వీడని చోటు ఎంచుకోవాలి.

రంధ్రమంటే జంకు

కర్ర బోటుకు అడుగున కన్నం పెట్టడమంటే ఏ యజమానికైనా గుండె దడే. బోటు ప్రాణమే అడుగు పలక. ఆ జంకు వల్లే కొందరు పనికిరాదని తెలిసీ అమరం వైపు మొగ్గుతుంటారు. నైపుణ్యమున్న వడ్రంగి చేతిలో, సరైన సీలంటుతో చేసిన పని ప్రమాదకరం కాదు. కాకపోతే లోహం ఎంపిక కీలకం. కర్ర నీటికి ఉబ్బుతుంది కనుక ప్లాస్టిక్‌ గొట్టం పగిలే ముప్పుంది. అక్కడ కంచు గొట్టమే మేలు. అదే కంచును ఇనుప బోటుకు నేరుగా తగిలిస్తే ఉప్పునీటిలో రెండు లోహాల మధ్య విద్యుత్‌ చర్య జరిగి ఇనుమును తినేస్తుంది.

అడుగు పలక వాలుగా ఉంటే, దానికి తగినట్లు చెక్కిన దిమ్మెపై ట్రాన్స్‌డ్యూసర్‌ను నిటారుగా నిలపాలి. 10 డిగ్రీలు ఒరిగినా 100 మీటర్ల లోతున చూపు దాదాపు 18 మీటర్లు పక్కకు జరుగుతుంది. తీగను కోసి అతకడం, బ్యాటరీ, వీహెచ్‌ఎఫ్‌ తీగలతో కలిపి చుట్టడం మరో పొరపాటు. దీంతో తెరపై లేని చేపలు కనిపిస్తాయి. గుల్లలు, నాచు పట్టకుండా మందపాటి రంగు పూసినా ధ్వని బలహీనపడుతుంది. ఇందుకు ప్రత్యేకించిన పలుచని రంగే వాడాలి.

రొయ్యకు కాదు.. వలకు రక్ష

విశాఖ ట్రాల్‌ బోట్లకు రొయ్యలే ప్రధాన రాబడి. నేలను అంటిపెట్టుకుని ఉండే రొయ్యలు తెరపై విడిగా కనిపించడం కష్టం. గాలితిత్తి ఉన్న చేపల ప్రతిధ్వనే బలంగా ఉంటుంది. అయినా అడుగు మెత్తని బురదా, రాతి నేలా అన్నది ముందే తెలిస్తే వల చిరగకుండా తప్పించుకోవచ్చు. రొయ్యల బోటుకు దక్కే అసలు లాభం ఇదే. ఇది తెలియకుండా కొన్న యజమానికి మిగిలేది నిరాశే.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ సంస్థ ఉపగ్రహ సమాచారంతో చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచనలు ఇస్తోంది. అవి బోటును ఆ ప్రాంతానికి చేరుస్తాయి. అక్కడికి చేరాక వల ఎక్కడ వేయాలో తేల్చేది బోటు అడుగున ఉన్న పరికరమే. అది సరిగా పలకకపోతే అంతదూరం కాల్చిన డీజిలు వృథా. డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలిన దానిలోనే పాళ్లు పంచుకునే కళాసీలకు ఆ నష్టం నేరుగా తగులుతుంది. బిగింపులో వారి మాటకు తావుండదు గానీ, దాని భారం మాత్రం వారిపైనా పడుతుంది.

శిక్షణే లోటు

లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే రూ.364 కోట్ల కార్యక్రమాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది. బోట్లపై పరికరాలు పెరుగుతున్న వేళ వాటిని బిగించే చేతులకూ అంతే ప్రాధాన్యం దక్కాలి. విశాఖలో సిఫ్‌నెట్‌, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నాయి. విరామ సమయంలో బోటు వడ్రంగులకు, సరంగులకు రేవుల్లోనే బిగింపుపై శిక్షణ ఇప్పించడం వీటికి అసాధ్యమేమీ కాదు. అంతవరకు యజమానులు చేయగలిగింది ఒకటుంది. పరికరం కొనేముందే బోటు కర్రదా, ఫైబరుదా, ఇనుముదా, ఏ లోతుల్లో వేటకు వెళుతుందన్న వివరాలు అమ్మకందారు ముందుంచి, తగిన ట్రాన్స్‌డ్యూసర్‌ను అడిగి తీసుకోవడం. జూన్‌ 14 అర్ధరాత్రి దాటాక ఆ పొరపాటు దిద్దుకోవాలంటే వేట రోజులు పోగొట్టుకోక తప్పదు.