వివాది స్వరమును వినుట

మన పట్టణములలో సంగీతమును గూర్చి యొక వ్యాజ్యము చిరకాలముగ విచారణలో నున్నది. పెద్దలు వాదులు, యువకులు ప్రతివాదులు. చెవులు చిల్లులుపడు మ్రోతను సంగీతమని వినుచు పిల్లలు తమ యభిరుచిని చెరుపుకొనుచున్నారని పెద్దల ఫిర్యాదు. సభలలో విన్నదే వినుట విసుగు పుట్టించినదనియు, సంగీతము యొక్క పొలిమేరలను చూచి రాదలచితిమనియు యువకుల సమాధానము. ఉభయపక్షముల వాదమును మేము వింటిమి. ముఖ్యమైన విచారణాంశమును ఉభయులును విడిచిపెట్టిరని మా యభిప్రాయము. ఆ పొలిమేరకు పోయి మరలివచ్చిన వాని చెవి యేమగుచున్నది? మొద్దువారునా, పదునెక్కునా? ఈ ప్రశ్న తేలినగాని తీర్పు చెప్పుటకు వీలులేదు.

ఆ మ్రోత యెచ్చటనుండి వచ్చినదో ముందుగ తెలిసికొందము. 1913లో లూయిజి రుస్సోలో యను ఇటలీ చిత్రకారుడు, యంత్రయుగమునకు పాత వాద్యముల ధ్వనులు చాలవనియు, వీధుల రొదయు యంత్రముల ఘోషయు సంగీతమునకు సామగ్రి కావలెననియు నొక ప్రకటనపత్రమును వెలువరించెను. గర్జించునవి, బుసకొట్టునవి, గరగరలాడునవి యగు పెట్టెలను నిర్మించి మరుసటి యేడు మిలాను నగరమున వాయింపజేసెను. ఇంగ్లాండున బర్మింగుహాము కర్మాగారముల పట్టణము. అచ్చట రేకుల కార్ఖానాలో పనిచేయుచు టోనీ అయోమీ యను యువకుడు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. ఆ వ్రేళ్లకు తొడుగులు తగిలించుకొని, గిటారునకు తేలికయైన తీగలు వేసి, తరువాత వానిని సడలించి వాయించుటచే నాదము బరువెక్కెను. ఆయన యుండిన బ్లాక్ సబ్బాత్ బృందము 1970లో వెలువరించిన మొదటి సంపుటముతో హెవీ మెటల్ శాఖ యారంభమైనదని పెక్కుర మతము. ఆ పట్టణమునకు చేరువనే పుట్టిన నపామ్ డెత్ బృందము 1987లో తన మొదటి సంపుటమున ఒకటిన్నర సెకనైన పట్టని పాట నొకదానిని చేర్చెను. జపానున మసామి అకిత యనునతడు 1979 మొదలు మెర్జ్‌బౌ యను పేర, రాగమును పల్లవియు లేని కేవల ఘోషను నిర్మించుచు వచ్చెను.

ఇట్టివానిని మొదటిసారి వినినవాడు చెవులు మూసికొనుట సహజమే. కాని మొదటి వినికిడి తుదితీర్పు కాదు. 1913 మే 29వ తేదీన పారిసు నగరమున స్త్రావిన్‌స్కీ సంగీతముతో "వసంతారాధన" యను నృత్యము ప్రదర్శింపబడినపుడు ప్రేక్షకులు కేకలు వేసి రభస చేసిరి. ఆ సంగీతమునే 1940లో వాల్ట్ డిస్నీ "ఫాంటేసియా" యను బొమ్మల చలనచిత్రమున వాడుకొనెను. ఇరువదియేడేండ్లలో రభస పిల్లల వినోదమైనది. స్వరములు మారలేదు, చెవులు మారినవి. ఒక వస్తువు పలుమారులు ఎదురుపడుటయే దానియందు ప్రీతి కలిగింపగలదని 1968లో రాబర్ట్ జాయన్స్ యను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు నిరూపించెను. పాశ్చాత్య సంగీతముతో పరిచయము మిక్కిలి తక్కువైన బొలీవియా దేశపు త్సిమానే జాతివారికి, పాశ్చాత్యులు ఇంపనుకొను స్వరమేళనమును, కర్ణకఠోర మనుకొను మేళనమును సమానముగనే రుచించినవని 2016లో నేచర్ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. మనము స్వభావమనుకొనునది చాలవరకు అభ్యాసమే.

ఇంత దూరము పోనేల? మన శాస్త్రమే ఈ సంగతి నెరుగును. వాది, సంవాది, అనువాది యని చెప్పి యూరకొనక, వివాదియను నాలుగవదానిని గూడ మన పూర్వులు పేర్కొనిరి. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి యేర్పరచిన 72 మేళములలో 40 వివాది మేళములే. ఆ రాగములు పాడిన కీడు కలుగునని జంకినవారు గలరు. అయినను నాటరాగమును చూడుడు. అందలి షట్‌శ్రుతి రిషభము, పొరుగుననే యున్న అంతర గాంధారమును ఒరసికొని నిలుచు వివాది స్వరము. ఆ నాటయే నేడు కచేరీలకు మంగళారంభము! త్యాగరాజస్వామి పంచరత్న కృతులలో మొదటిది నాట, నాలుగవది వరాళి. రెండును వివాది మేళములకు చెందినవే. పుష్యమాసమున బహుళ పంచమినాడు వానిని గోష్ఠిగ పాడు వారిలో నెవ్వరైన తాము కర్కశ స్వరములు పలుకుచున్నామని యనుకొనుచున్నారా? వివాదిని ఇల్లు చేర్చుకొని ఇంటివానిగ జేసికొనిన జాతి, పరుల వివాదిని విన్నంతనే బెదరుట తగదు.

దీనికి పెద్దలు చెప్పు బదులు బలమైనదే. రైలుకట్ట చెంత కాపురమున్నవాడు రైలుకూతకు మేల్కొనడు. అది అలవాటేగాని రసజ్ఞత కాదు. ఘోషకు అలవడిన చెవికి వీణ వినబడునా యని వారందురు. ఈ వాదమును మేము తోసివేయజాలము. అలవాటు రెండు విధములు. విననేరకుండ జేయునది యొకటి. మునుపు విననిదానిని వినిపించునది మరియొకటి. ఏది యేదో తెలియుటకు పరీక్ష యొక్కటే: మరలివచ్చినపుడు పరిచితమైన సంగీతము వానికెట్లు వినబడును?

ఈ పరీక్షకు పొలిమేర దాటినవారి చరిత్రమునే సాక్ష్యముగ తీసికొందము. అమెరికా దేశీయుడగు జాన్ కేజ్ 1946లో మన దేశపు గీతా సారాభాయికి పాశ్చాత్య సంగీతము నేర్పి, ఆమె వలన మన సంగీతమును తెలిసికొనెను. మనస్సును నెమ్మదిపరచుటయే సంగీతప్రయోజనమని యామె చెప్పినమాట నాయన మరువలేదు. 1951లో హార్వర్డు విశ్వవిద్యాలయమున, ధ్వని చొరని గదిలో కూర్చుండియు ఆయన రెండు ధ్వనులు వినెను. అందొకటి తన రక్తప్రసారమేయని యచ్చటి యింజనీరు చెప్పెను. 1952 ఆగష్టు 29వ తేదీన ఆయన రచనను ప్రదర్శించుచు డేవిడ్ ట్యూడర్ పియానో ముందు 4 నిమిషముల 33 సెకన్లు ఒక్క మీటయైన నొక్కక కూర్చుండెను. ఘోషను వెదకుచు పోయిన మార్గము నిశ్శబ్దమునకు దారితీసినది! ఒకే స్వరమును దీర్ఘకాలము నిలుపు ప్రయోగములు చేసిన లా మాంటి యంగ్, ఆయన మిత్రుడగు టెరీ రైలీ 1970లో కిరాణా ఘరానాకు చెందిన పండిత ప్రాణనాథునకు శిష్యులై తంబురా పట్టిరి. ఆధారశ్రుతినే త్యజించి పండ్రెండు స్వరములకును సమానాధికార మిచ్చిన షోన్‌బర్గ్ 1943లో మరల ఆధారశ్రుతి గల రచన గావించెను. వీరెవ్వరును ఓడిపోయి తిరిగివచ్చినవారు కారు, క్రొత్తచెవితో వచ్చినవారు.

సామాన్యశ్రోత విషయమును ఇట్టిదే. ధ్వనియొక్క గరుకును, సాంద్రతను, పొరలను గమనించుట నేర్చినవానికి తంబురా వెనుకనుండు మ్రోతగ నుండదు. తీగక్రింద నుంచిన నూలుపోగు వలన లేచు జీవనాదము, మంద్రతీగలో దానంతట నది పలుకు గాంధారము వానికి ప్రత్యక్షమగును. అంతకంటె ముఖ్యమైన ఫలమొకటి గలదు. మన డప్పును, మన తప్పెటను ఇంతకాలము సభాద్వారమునకు వెలుపల నిలిపినదెవరు? "అది మ్రోత; ఇది సంగీతము" అను విభజనమే కదా! మ్రోతయను మాట శాస్త్రపదము కాదు. పెక్కుసారులు అది సంఘము చెప్పిన తీర్పు. తోలు వాయించువాని కులమును జూచి ఆ తోలుపలుకునకు వెలకట్టిన తీర్పది. పొలిమేర సంగీతమును శ్రద్ధతో వినిన యువకుడు డప్పుదరువులోని లెక్కను, కాక జూపిన తోలు శ్రుతిని గుర్తింపగలిగెనేని, వాని ప్రయాణము వ్యర్థము కాదు. ఆ మార్పు వాని యొక్కని యభిరుచిలోని మార్పు కాదు. మన సంఘమునకు రావలసిన మార్పు.

ఇక యువకులతో రెండు మాటలు. రుచి యన్నది ఘాటు పెంచుకొనుచు పోవుట కాదు. నేటి కారము రేపు చప్పనై, ఎల్లుండి మరింత కారము కోరువాని నాలుక దేనిని రుచి చూడజాలదు. కఠోరమును సహించితినను గర్వముతో మధురమును ఈసడించువాడు నడిదారిలో నిలిచిపోయినవాడు. వాడు గమ్యము చేరలేదు. మరియు చెవి శరీరావయవము. పెద్దవారికి 80 డెసిబెల్ల ధ్వని వారమునకు 40 గంటలకు మించరాదని, 90 డెసిబెల్లయినచో 4 గంటలే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. నష్టమైన వినికిడి మరల రాదు. చెవినే పోగొట్టుకొనిన తరువాత అభిరుచితో నేమిపని?

పెద్దలతో మా విన్నపము: నిషేధము రుచిని దిద్దజాలదు. గమకమును పలికింపలేదని 1940లో ఆకాశవాణి హార్మోనియమును బహిష్కరించి, 1971 వరకు ఆ యాజ్ఞను సడలింపలేదు. ఆ కాలమంతయు మన నాటకరంగమున పద్యమునకు హార్మోనియమే తోడుగ నిలిచెను. కావున బహిష్కారమునకు మారుగ శ్రవణము నేర్పుడు. ప్రతి పఠనమందిరమును, ప్రతి సంగీత కళాశాలయు నెలకొక సాయంకాలము కేటాయించి, మితమైన ధ్వనితో, ఒక ఘోషరచనను, దానివెంట నొక డప్పుదరువును, దానివెంట నొక వరాళి ఆలాపనను వినిపింపవలెను. పెద్దలును యువకులును ఒకే చాపమీద కూర్చుండవలెను. అది సంగీతమా కాదా యను తగవు అటుపిమ్మట పెట్టుకొనవచ్చును. ఉభయసాక్ష్యములను పూర్తిగ వినక తీర్పు చెప్పుట ఏ న్యాయస్థానమునకును తగదు. చెవియు నొక న్యాయస్థానమే.