ఎవరూ చనిపోని పోస్టుమార్టము



సాఫ్ట్‌వేరు ఉద్యోగమనగానే మన పల్లెలలో వినబడేవి రెండు మాటలు. జీతము ఎక్కువ, పని తక్కువ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు నుండి, బెంగళూరు నుండి పిల్లలు లాప్‌టాపులు పట్టుకొని ఇళ్ళకు చేరారు. అప్పటి నుండి ఆ రెండవ మాట మరీ బలపడినది. పొద్దస్తమానము కుర్చీలో కూర్చుండి, చెవిలో ఏదో పెట్టుకొని ఇంగ్లీషు మాట్లాడుటయు ఒక పనియేనా అని పెద్దలు మాతో అనేవారు. దాచనేల, మేమును అట్లే అనుకొన్నాము.

మా సంఘములో ఒక రైతు కుటుంబమున్నది. వారి పెద్ద కుమారుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఇంజనీరు. నెలలో ఒక వారము ఇంటి నుండే పనిచేసుకొనుటకు అతనికి అనుమతి ఉన్నది. నిరుడు వర్షాకాలములో ఒక ఉదయము అతని తల్లి మా ఇంటికి పరుగెత్తుకొని వచ్చినది. "అయ్యగారూ, మావాడి ఆఫీసులో ఎవరో పోయారంట. పన్నెండింటికి పోస్టుమార్టం అంట. రాత్రంతా వీడికి నిద్ర లేదు, పొద్దున అన్నం ముట్టలేదు. మీరొకసారి రండి" అని ఏడ్చినది. మేము చెప్పులు కూడ సరిగా తొడుగుకొనకుండ వెళ్ళాము.

చిన్నవాడు మమ్మును చూచి మొదట నవ్వాడు. "ఎవరూ చావలేదండీ. మా ఆఫీసుల్లో ఏదైనా సర్వీసు ఆగిపోతే, ఎందుకు ఆగిందో కూర్చుని విచారించే మీటింగును పోస్టుమార్టం అంటారు" అన్నాడు. అంతలోనే అతని కళ్ళు చెమర్చినవి.

సంగతి ఇది. అతని కంపెనీ ఊళ్ళలోని ప్రజలు ఫోనులో బిల్లులు కట్టుకొనే సేవను నడుపుచున్నది. అక్కడి వారికి రెండు విధములైన కంప్యూటర్లుండును. ఒకటి ప్రయోగములు చేసికొనుటకు, రెండవది నిజముగా ప్రజలు వాడేది. తెర మీద రెండును ఒకే తీరున, నల్లని పలక మీద తెల్లని అక్షరములుగా కనబడును. రాత్రి 11 గంటల 32 నిమిషములకు, ప్రయోగపు యంత్రములో పాత సమాచారమును చెరిపివేయు ఆదేశమును అతడు నిజమైన యంత్రములో కొట్టాడు. కోతకు వచ్చిన మన చేను అనుకొని పక్కవాని పచ్చి చేను కోసినట్లైనది. బిల్లులు కట్టుచున్న వారందరికి ఒక్కసారిగా సేవ నిలిచిపోయినది.

మీట నొక్కిన మరుక్షణమే అతనికి తెలిసినది. కాని ఎవరికిని చెప్పలేదు. తానే సరిచేయగలననుకొని పది నిమిషములు పెనుగులాడాడు. ఆ కంగారులో చేసిన మరియొక పని వలన, పావుగంటలో తేలవలసిన చిక్కు రెండు గంటలు పట్టినది.

ఇట్టి పొరపాటు మనవానికే జరిగినది కాదు. గిట్‌ల్యాబ్ అను సాఫ్ట్‌వేరు సంస్థలో 2017 జనవరి 31 రాత్రి, బాగా అలసియున్న ఒక ఇంజనీరు ఒక యంత్రమనుకొని మరియొక దానిలో ఆదేశము కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలోనే తప్పు గ్రహించి ఆపాడు గాని, అప్పటికే 300 గిగాబైట్ల సమాచారములో దాదాపు నాలుగున్నర గిగాబైట్లు మాత్రమే మిగిలినవి. సమాచారమును కాపాడుటకు వారు పెట్టుకొన్న అయిదు పద్ధతులలో ఒక్కటియు అక్కరకు రాలేదు. ఆరు గంటల క్రిందట తీసిన నకలు ఒకటి దొరికినందున బయటపడ్డారు. ఆ సంస్థ దీనిని మరుగుచేయలేదు. తాము సరిచేయుచున్న పనిని యూట్యూబులో ప్రత్యక్షముగా లోకమునకు చూపినది. తరువాతి నెల, ఫిబ్రవరి 28న, అమెజాన్ వారి నిల్వ సేవ కూడ నాలుగు గంటల సేపు అస్తవ్యస్తమైనది. ఒక ఉద్యోగి ఇచ్చిన ఆదేశములో ఒక అంశము తప్పుగా పడినందున, తీయవలసిన వాటికంటె ఎక్కువ యంత్రములు పని నుండి తొలగిపోయినవి. సేవలు బాగున్నవో లేదో చూపించే వారి పట్టిక కూడ ఆ నిల్వ మీదనే ఆధారపడినందున, అదియు కొంతసేపు నిజము చూపలేదట! కంపెనీ ఇచ్చిన వివరణలో ఆ ఉద్యోగి పేరు లేదు. ఒకేసారి అన్ని యంత్రములను తీయనియ్యకుండ ఆ పనిముట్టునే మార్చితిమని ఉన్నది.

నింద మోపకుండ విచారించు ఈ పద్ధతికి విమానరంగము ముందు నడిచినది. అమెరికాలో 1976 నుండి పైలట్లు తమ పొరపాట్లను, తృటిలో తప్పిన ప్రమాదములను నాసా వారికి గోప్యముగా తెలియజేయు ఏర్పాటు ఉన్నది. సాఫ్ట్‌వేరు వారిలో ఎట్సీ అను సంస్థ 2012లో ఈ నింద లేని పోస్టుమార్టమును గూర్చి వ్రాసినది. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన పుస్తకములో దీనికి ఒక అధ్యాయమే ఇచ్చారు.

ఇదంతయు విన్న తరువాత మాకొక సందేహము కలిగినది. తప్పు చేసినవానిని ఏమియు అనకపోతే రేపు మరల చేయడా? అదే అడిగాము.

"పేరు రాయరు అయ్యగారూ, నిమిషాలు రాస్తారు" అన్నాడు. 11:32కు ఏమైనది, ఎవరు ఎప్పుడు చూచారు, ఎప్పుడు ఎవరికి చెప్పారు. ఆ కాగితము ఆఫీసంతయు చదువును. అతడు వ్రాసిన మొదటి కాగితములో 11:32 తరువాత 11:42 ఉన్నది. నడుమ ఏమియు లేదు. ఎవరును అడిగేవారు కూడ కాదు. అన్నము ముట్టనిది అందుకే. మేము కూర్చుండగనే లాప్‌టాపు తెరచి ఆ పది నిమిషములను నింపాడు.

సాయంత్రము ఫోను చేసి చెప్పాడు. పై అధికారి ఆ వరుస చదివి, "ఆ పది నిమిషాలు నువ్వు చెప్పలేకపోయావంటే, నువ్వు భయపడేటట్టు మేమేం చేశాం?" అని అడిగాడట. ఆ దినము నుండి నిజమైన యంత్రము తెర ఎర్ర రంగులోనికి మారినది. ఇంకొకరు చూచి సరేననకుండ చెరిపివేయు ఆదేశము ఇక పనిచేయదు. అన్ని ఆఫీసులు ఇట్లుండవని కూడ అతడే చెప్పాడు. మునుపు పనిచేసిన చోట పోస్టుమార్టమని పేరు పెట్టి, నలుగురిలో నిలబెట్టి కడిగేవారట. అక్కడ ఎవడును నోరు తెరచేవాడు కాడట.

ఇక్కడితో ఈ నెల మాట ముగించవలసినది. కాని క్రిస్మసుకు అతడు ఇంటికి వచ్చినప్పుడు జరిగినది చెప్పకుండ ఉండలేము.

ఎరువుల కొట్టు బాకీ తీర్చుదమని తండ్రి పాసుబుక్కు చూడగా 18,400 రూపాయలు తక్కువ. డిసెంబరు మొదటి వారములో పోయినవి. తండ్రి తల వంచుకొన్నాడు. "పాత బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రికే మీ కరెంటు తీసేస్తాం" అని ఎవడో ఫోను చేసినాడట. ఒక యాప్ ఎక్కించమన్నాడు. పరీక్షకని పది రూపాయలు కట్టమన్నాడు. ఆ యాప్ వలన మన తెర మీద కొట్టినదంతయు వానికి కనబడును. రహస్య అంకె కూడ కనబడినది.

కుమారుడు నిప్పు తొక్కినవానివలె లేచాడు. "కంప్యూటర్ ఇంజనీరును కొడుకుగా పెట్టుకొని ఎవడో చెప్తే యాప్ ఎక్కిస్తావా నాన్నా? మూడు వారాలు నాకు చెప్పకుండా కూర్చుంటావా? మొదటి గంటలోనే 1930కి ఫోను చేసి ఉంటే, ఆ డబ్బు చేరిన ఖాతాలోనే ఆపించేవాళ్ళు గదా!" అని వీధికి వినబడునట్లు అరిచాడు. మేము అప్పుడే గడపలో అడుగు పెట్టాము. వెనుకకు తిరిగి పోదుమా అనిపించినది.

తల్లి వంటింటిలో నుండి బయటికి వచ్చినది. "ఏరా, నీకు పది నిమిషాలు భయమేసింది. ఆయనకు మూడు వారాలు భయమేసింది. మీ ఆఫీసులో నిన్ను ఇట్టాగే అరిచారా?"

చాలాసేపు ఎవరును మాటలాడలేదు. పిదప చిన్నవాడు నోటుపుస్తకము తెచ్చి మంచము మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. ఫోను ఎన్ని గంటలకు వచ్చినది? ఆ వేళ ఇంటిలో ఎవరున్నారు? చీకటి పడినది, మనుమరాలికి జ్వరము, కరెంటు పోవునేమోనని భయము. పొలము డబ్బంతయు ఉన్న ఖాతాకే ఫోనును కలిపినదెవరు? "నేనే" అని కుమారుడు వ్రాసికొన్నాడు.

ఇప్పుడు ఫోనుకు వేరొక ఖాతా ఉన్నది. దానిలో రెండు వేలకు మించి ఉంచరు. కరెంటు బిల్లు మాట ఎవరెత్తినను ముందుగా ఊరి లైన్‌మన్‌ను అడుగుదురు. స్విచ్చిబోర్డు పక్కన గోడ మీద సుద్దతో 1930 అని పెద్ద అంకెలు వ్రాసియున్నవి. బ్యాంకులోను, సైబర్ పోలీసులకును ఫిర్యాదు ఇచ్చారు గాని ఆ డబ్బు తిరిగి రాలేదు.

చిన్నవాడు వ్రాయుట ముగించి పుస్తకము మూయబోగా తండ్రి చేయి అడ్డు పెట్టాడు.

"నేను మూడు వారాలు చెప్పలేదని కూడా రాయి."