ఉచిత సలహాకు డబ్బు కట్టేదెవరు?

పెట్టుబడి సలహా మనిషి చెప్పాలా, యంత్రం చెప్పాలా? రోబో అడ్వైజరీ గురించి మన దగ్గర రాసేవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు. యంత్రానికి భయం, ఆశ ఉండవు కాబట్టి మార్కెట్ పడినా చలించదని ఒకరంటారు. పడిన రోజున ధైర్యం చెప్పడానికి మనిషే కావాలని ఇంకొకరంటారు. ఈ వాదన ఎటు తేలినా మదుపరికి ఒరిగేదేమీ లేదు. ఆ యంత్రానికి ఆదేశాలిచ్చేది ఎవరు, దాన్ని నడిపే ఖర్చు ఎవరి జేబులోంచి వస్తోంది అన్నదే అసలు సంగతి. అమ్మకం కమీషన్ మీద బతికే రోబోను సలహాదారుగా చలామణీ కానివ్వకూడదు. సెబీ నిబంధనల్లో అందుకు ఒక దొడ్డిదారి తెరిచి ఉంది. దాన్ని మూసేయాలి.

మన చర్చల్లో ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. 6 శాతం నుంచి 29.4 శాతం.

అమెరికాలో చార్లెస్ ష్వాబ్ సంస్థ 2015 మార్చిలో ‘ఇంటెలిజెంట్ పోర్ట్‌ఫోలియోస్’ పేరుతో రోబో సేవ ప్రారంభించింది. సలహా రుసుము లేదని, దాచిన ఛార్జీలు అసలే లేవని ప్రచారం చేసింది. వయసు, లక్ష్యం, నష్టాన్ని ఎంతవరకు తట్టుకోగలరు వంటి కొన్ని ప్రశ్నలకు జవాబిస్తే మిగతాదంతా యంత్రం చూసుకుంటుంది. అది ఏం చేసిందంటే, ఒక్కొక్కరి సొమ్ములో 6 శాతం నుంచి 29.4 శాతం దాకా నగదుగా పక్కన పెట్టింది. ఆ నగదు ష్వాబ్ సొంత బ్యాంకుకు చేరింది. బ్యాంకు దాన్ని అప్పులకు తిప్పి, తనకొచ్చిన వడ్డీకీ ఖాతాదారుకిచ్చిన వడ్డీకీ మధ్య తేడాను మిగుల్చుకుంది. నగదు వాటా ఎంతుండాలన్నది క్రమశిక్షణతో కూడిన పోర్ట్‌ఫోలియో పద్ధతి ప్రకారం తేల్చామని సంస్థ తన పత్రాల్లో చెప్పుకుంది. చాలా సందర్భాల్లో ఆ నగదు వల్ల ఖాతాదారు అదే రిస్కు మోస్తూ తక్కువ సంపాదిస్తాడని సంస్థ సొంత లెక్కలే చెబుతున్నాయని అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. 2022 జూన్‌లో ష్వాబ్ 18.7 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 13.5 కోట్లు జరిమానాయే. ఆరోపణలను ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఎస్‌ఈసీ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగాధిపతి గుర్‌బీర్ గ్రేవాల్ అప్పట్లో చెప్పిన మాటల సారం ఇది: నగదు ఎంతుండాలో నిర్ణయించింది ఖాతాదారుల లాభం కోసం రాసిన అల్గారిథమ్ అని సంస్థ చెప్పుకుంది, నిజానికి నిర్ణయించింది సంస్థ ఎంత సంపాదించాలనుకుందన్న లెక్క.

ఈ కేసులో యంత్రం పొరపాటు చేయలేదు, తనకు చెప్పినట్టే చేసింది. మనిషా యంత్రమా అనే చర్చ ఇక్కడ ఎందుకూ కొరగాదు.

ఆ వాటా విలువెంతో ఒక లెక్క వేసి చూద్దాం. లక్ష డాలర్ల ఖాతాలో 10 శాతం నగదు ఉందనుకోండి. మిగతా పెట్టుబడుల మీద వచ్చే రాబడికీ నగదు మీద వచ్చే వడ్డీకీ తేడా ఏడాదికి 5 శాతమే అనుకుందాం. ఖాతాదారు పోగొట్టుకునేది 500 డాలర్లు. అదే లక్ష డాలర్లను 0.25 శాతం రుసుము బాహాటంగా వసూలు చేసే బెటర్‌మెంట్ లాంటి సంస్థలో పెడితే కట్టేది 250 డాలర్లు. ఉచితం అన్న సేవ ఖరీదు రుసుము తీసుకునే సేవకు రెట్టింపన్నమాట. ఆ 250 కళ్లకు కనిపిస్తుంది, ఈ 500 ఏ స్టేట్‌మెంట్‌లోనూ ఖర్చు పద్దు కింద కనిపించదు. సరళమైన పెట్టుబడి అని అమ్ముతున్నదాంట్లో మదుపరికి సరళమైంది బటన్ నొక్కడం వరకే. చిక్కుముడి అంతా అవతలి పక్కకు, తనకు కనిపించని చోటికి జరిగిపోయింది.

ఇది పెద్ద సంస్థ దురాశ, చిన్న స్టార్టప్‌లు అలా చేయవు అని వాదించేవాళ్లున్నారు. వాళ్లు స్టార్టప్ ఆదాయం లెక్క వేసి చూడలేదు. 20 వేల డాలర్ల ఖాతా మీద 0.25 శాతం అంటే ఏడాదికి 50 డాలర్లు. మన దగ్గర 2 లక్షల రూపాయల మదుపు మీద అదే రేటు తీసుకుంటే 500 రూపాయలు. ఆ 500తో ప్రకటనలు ఇవ్వాలి, కేవైసీ చేయాలి, ఫోన్‌కు జవాబు చెప్పే మనిషిని పెట్టాలి, వెంచర్ క్యాపిటల్ పెట్టినవాళ్లకు వృద్ధి చూపించాలి. చిన్న మదుపరి కట్టే రుసుముతో ఈ వ్యాపారం నిలబడడం చాలా కష్టం. అందుకే ఈ కంపెనీల ప్రయాణం మొదట మదుపరి దగ్గరికి, ఆ తర్వాత బ్యాంకు దగ్గరికి సాగింది. ఫ్యూచర్‌అడ్వైజర్‌ను 2015లో బ్లాక్‌రాక్ కొని, బ్యాంకులకూ బ్రోకరేజీలకూ అమ్మే సాధనంగా మార్చింది. సిగ్‌ఫిగ్‌లో 2016లో యూబీఎస్ పెట్టుబడి పెట్టింది. వెల్స్ ఫార్గో తన రోబో సేవకు సిగ్‌ఫిగ్ సాంకేతికతనే వాడుకుంది.

మరో రోబో స్టార్టప్ వెల్త్‌ఫ్రంట్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. ష్వాబ్ సేవ మొదలైన నెలలోనే వెల్త్‌ఫ్రంట్ అధిపతి ఆడమ్ నాష్ ఆ నగదు వాటాను బహిరంగంగా తప్పుబట్టారు. ఎస్‌ఈసీ చర్య తీసుకున్నది ఏడేళ్ల తర్వాత! అలా తప్పుబట్టిన సంస్థే 2018 డిసెంబర్‌లో పన్ను ఆదా సేవ విషయంలో అవాస్తవాలు చెప్పినందుకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2022 జనవరిలో 140 కోట్ల డాలర్లకు యూబీఎస్ చేతికి వెళ్లబోయింది, సెప్టెంబర్‌లో ఆ ఒప్పందం రద్దయింది. ఇప్పుడు దాని ఆదాయంలో సింహభాగం పెట్టుబడి సలహా నుంచి కాక, ఖాతాదారుల నగదును బ్యాంకుల్లో ఉంచే సేవ నుంచి వస్తోంది. ఆ నగదు ఖాతా వేరు, ఖాతాదారు తెలిసే ఎంచుకుంటాడు, కాబట్టి ష్వాబ్ చేసినదాంతో దాన్ని ఒక గాటన కట్టలేం. అయినా 0.25 శాతం మీద కట్టిన వ్యాపారం చివరికి ఎక్కడికి చేరిందో గమనించండి. మళ్లీ నగదు దగ్గరికే, మళ్లీ బ్యాంకు దగ్గరికే.

ఇలాంటి స్టార్టప్ రెండు చోట్ల రెండు మాటలు చెబుతుంది. మదుపరికి చెప్పేది: పది నిమిషాల్లో ఖాతా, కాగితాలు లేవు, పక్షపాతం లేదు, మీ లక్ష్యమే మా లక్ష్యం. బ్యాంకుకు చెప్పేది: మీ సేవింగ్స్ ఖాతాల్లో కదలకుండా పడి ఉన్న సొమ్ము, ఒక్కో ఖాతాదారుకు మీరు అమ్మగలిగే పథకాల సంఖ్య, మీకొచ్చే ఫీజు ఆదాయం, మీ ఖాతాదారు బయటి యాప్‌కు వెళ్లిపోకుండా మా సాఫ్ట్‌వేర్ పట్టి ఉంచే తీరు. ఈ రెండూ ఒకే యంత్రం గురించి చెప్పిన మాటలు. రెండింటినీ ఏకకాలంలో నిలబెట్టుకోవడం కుదరదు. మదుపరికి పక్షపాతం లేని సలహా ఇస్తే బ్యాంకు ఆదాయం తగ్గే సందర్భాలు రోజూ వస్తాయి. ఆ సందర్భంలో యంత్రం ఎవరి పక్షాన నిలబడాలో కాంట్రాక్టులో ముందే తేలిపోయి ఉంటుంది.

మన దగ్గర ఆ సందర్భం ఎలా ఉంటుంది? పెద్ద బ్యాంకులు సేవింగ్స్ ఖాతా మీద ఇస్తున్న వడ్డీ ఇప్పుడు 2.5 శాతం దగ్గరుంది. ఇది బ్యాంకుకు దొరికే అతి చవకైన సొమ్ముల్లో ఒకటి. కుటుంబాల పొదుపు డిపాజిట్లను వదిలి మార్కెట్ వైపు మళ్లుతోందని 2024లో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ ఆందోళన వ్యక్తం చేశారు. అలాంటి బ్యాంకు తన యాప్‌లో పెట్టిన రోబో, ఖాతాదారుతో ‘మీ 5 లక్షలు ఇక్కడ ఊరికే ఉన్నాయి, డైరెక్ట్ ప్లాన్‌కు మార్చుకోండి’ అని చెబుతుందా? చెబితే బ్యాంకుకు డిపాజిటూ పోతుంది, కమీషనూ రాదు. కాబట్టి మార్చమంటే కమీషన్ వచ్చే రెగ్యులర్ ప్లాన్‌కే మార్చమంటుంది. ష్వాబ్ 6 నుంచి 29.4 శాతం నగదులో దాచుకున్నదాన్ని మన బ్యాంకులు ఫండ్ ఖర్చుల కింద కోసే ఎక్స్‌పెన్స్ రేషియోలో దాచుకుంటాయి.

2013 జనవరి 1 నుంచి ప్రతి మ్యూచువల్ ఫండ్‌కూ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఈక్విటీ ఫండ్లలో రెగ్యులర్‌కూ డైరెక్ట్‌కూ మధ్య తేడా తరచు అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటుంది. నెలకు 10 వేల సిప్, 20 ఏళ్లు, 12 శాతం రాబడి అనుకుంటే చేతికొచ్చేది దాదాపు కోటి రూపాయలు. అదే 11 శాతమైతే 87 లక్షల చిల్లర. తేడా సుమారు 12.5 లక్షలు. ఆ కుటుంబం 20 ఏళ్లలో మొత్తం కట్టిందే 24 లక్షలు, అంటే కట్టినదాంట్లో సగానికి పైగా విలువ తేడాలోనే పోయింది. ఫండ్ కమీషన్లు అందుకునే డిస్ట్రిబ్యూటర్ల జాబితాను ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ ఏటా ప్రకటిస్తుంది. అందులో పై వరసలో పెద్ద బ్యాంకుల పేర్లుంటాయి. ఆ జాబితా చూసినవాళ్లెవరికీ బ్యాంకు యాప్‌లోని ‘మీ కోసం ఎంపిక చేసిన ఫండ్లు’ అన్న శీర్షిక అమాయకంగా కనిపించదు.

అవతలి పక్షం వాదనలో బలం లేదని అనను. డైరెక్ట్ ప్లాన్ ఏదో, ఇండెక్స్ ఫండ్ ఏదో తెలియని మనిషి సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో, చిట్టీలోనో, ఊరి వడ్డీ వ్యాపారంలోనో ఉండేకంటే రెగ్యులర్ ప్లాన్‌లో ఉన్నా మేలేనంటారు. నిజమే. మ్యూచువల్ ఫండ్ మదుపరులు 5 కోట్లు దాటారు, సెబీ దగ్గర నమోదైన పెట్టుబడి సలహాదారులు వెయ్యికి లోపే. మనుషులతోనే పని జరగదు, యంత్రం కావాల్సిందే. అంగీకరిస్తాను. యంత్రం కావాలి కాబట్టి దాని యజమాని ఎవరో అడగొద్దనడం మాత్రం ఆ వాదనలోంచి రాదు. పైగా మనిషి డిస్ట్రిబ్యూటర్‌తో మదుపరి కొంత జాగ్రత్తగా ఉంటాడు, కమీషన్ కోసం చెబుతున్నాడేమోనని అనుమానిస్తాడు. యంత్రం మీద ఆ అనుమానం రాదు. లెక్క వేసి చెప్పింది కదా అని నమ్ముతాడు. అమ్మేవాళ్లకు ఆ నమ్మకమే పెట్టుబడి.

ఇక సెబీ. 2013 నిబంధనలు, 2020 సవరణలు మంచి ఉద్దేశంతో వచ్చినవే. ఒకే ఖాతాదారుకు సలహా చెప్పి రుసుము, ఫండ్ అమ్మి కమీషన్ రెండూ తీసుకోకూడదన్నారు. నమోదు కాని డిస్ట్రిబ్యూటర్ సలహాదారు అన్న పేరు పెట్టుకోకూడదన్నారు. బ్యాంకు తన విభాగంగా పెట్టుబడి సలహా సేవ నడపకూడదని, ప్రత్యేక అనుబంధ సంస్థ ద్వారానే చేయాలని రిజర్వు బ్యాంకు కూడా 2016లోనే చెప్పింది. ఇంత కట్టుదిట్టం చేసి, ఒక్క మినహాయింపు వదిలేశారు. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ తన ప్రధాన వ్యాపారానికి అనుబంధంగా ఇచ్చే సలహాకు నమోదు అక్కర్లేదు. 2013లో ఆ మినహాయింపుకు అర్థముంది. బల్ల అవతల కూర్చున్న మనిషి ఫారం నింపిస్తూ రెండు మాటలు చెబితే దానికి లైసెన్సు అడగలేం. ఈ రోజు బ్యాంకు యాప్ ఇరవై ప్రశ్నలు అడిగి, రిస్క్ స్కోరు వేసి, ఏ ఫండ్‌లో ఎంత శాతమో చెప్పి, ఆరు నెలలకోసారి మార్చుకోమని సందేశం పంపితే అది అనుబంధంగా దొర్లిన రెండు మాటలా? లక్షల మందికి ఒకే సూత్రంతో చెప్పే సలహా అది. ఆ సలహా లేకపోతే అక్కడ అమ్మకమే జరగదు.

2024 డిసెంబర్‌లో నిబంధనలు మళ్లీ సవరించారు. సలహాదారు కృత్రిమ మేధను ఎంతవరకు వాడుతున్నాడో ఖాతాదారుకు చెప్పాలట. అదీ నమోదైన సలహాదారుకే. లోపల యంత్రం ఉందో లేదో తెలిసి మదుపరి ఏం చేసుకుంటాడు? ష్వాబ్ తమది యంత్రమేనని మొదటి రోజు నుంచీ చెప్పింది. యంత్రం ఉందన్న సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. దాచింది ఆ 6 నుంచి 29.4 శాతం వెనకున్న ఆదాయం లెక్క. నియంత్రణ సంస్థ అడగాల్సిన ప్రశ్న ఏడు సముద్రాల అవతల 2022లోనే తేటతెల్లమైతే, రెండేళ్ల తర్వాత కూడా మనవాళ్లు ఇంకో ప్రశ్న పట్టుకుని కూర్చోవడం నాకు మింగుడుపడడం లేదు.

డిస్ట్రిబ్యూటర్‌కు అందిన కమీషన్ ఎంతో ఆరు నెలలకోసారి వచ్చే ఏకీకృత స్టేట్‌మెంట్‌లో రూపాయల్లో ఉంటోంది కదా అనొచ్చు. ఉంటోంది, కొన్నాక. ఏ మెయిల్‌లోనో వచ్చిన పీడీఎఫ్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, పేజీలు తిప్పితే. సమాచారం ఇచ్చామని చెప్పుకోవడానికి అది సరిపోతుంది, మదుపరి నిర్ణయం మార్చుకోవడానికి సరిపోదు. నిర్ణయం జరిగేది బటన్ దగ్గర. ఆ బటన్ పైనే రాయాలి: ఈ ఎంపిక వల్ల వచ్చే పదేళ్లలో ఈ బ్యాంకుకు సుమారు ఇన్ని వేల రూపాయలు అందుతాయి, ఇదే ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో తీసుకుంటే ఏమీ అందదు అని. ఈ లెక్క వేయడానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు. పదవీ విరమణ నాటికి మీ దగ్గర ఎంత ఉంటుందో రూపాయితో సహా గీత గీసి చూపించే యాప్‌కు ఇది చిటికెలో పని. చేయడం లేదంటే చేయాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు కాబట్టే.

సెబీ చేయాల్సిందల్లా ప్రశ్నావళి అడిగి, స్కోరు వేసి, ఫండ్లూ శాతాలూ సూచించే ఏ యాప్‌కైనా, అది బ్యాంకుదైనా స్టార్టప్‌దైనా, ‘అనుబంధ సలహా’ మినహాయింపు వర్తించదని ఒక సర్క్యులర్ ఇవ్వడం. ఆ తర్వాత వాళ్లు సలహాదారుగా నమోదై రుసుము తీసుకుంటారో, ప్రశ్నావళి తీసేసి మాది ఫండ్లు అమ్మే కౌంటర్ అని బోర్డు పెట్టుకుంటారో వాళ్లిష్టం. రెండు పడవల మీదా కాళ్లు పెట్టే హక్కు మాత్రం బ్యాంకులకు ఎవరిచ్చారో సెబీయే జవాబు చెప్పాలి.