వచ్చి వెనక్కి పోయినోళ్ల లెక్క

2018 డిసెంబర్ 7. తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు. మా మేనత్త తెల్లారకముందే లేచి తలకు పోసుకుంది. పండుగ చీర కట్టుకుంది. ఓటరు కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవికెలో దోపుకుంది. కరీంనగర్‌లో నలభై ఏండ్లుగా ఒకే వాడలో, ఒకే ఇంట్లో ఉన్న మనిషి. బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. ఏ ఎన్నికనూ తప్పలేదు. ఆమెను తోలుకొని నేను కూడా పోయిన. గంటసేపు లైన్లో నిలబడ్డాక లోపలికి పంపించారు. లిస్టు ముందు కూర్చున్న పిల్లగాడు రెండు సార్లు పేజీలు తిప్పి తల పైకెత్తాడు.

"అవ్వా, ఈ లిస్టుల నీ పేరు లేదు."

"ఎట్ల లేదు బిడ్డా? పోయినసారి ఈడనే ఏసిన గద. మల్ల సూడు."

మళ్లీ చూశాడు. మా మామ పేరు కనిపించింది, ఫొటోతో సహా. ఆయన పోయి అప్పటికి ఆరేండ్లు. ఆ పక్కన ఉండాల్సిన అత్త పేరు లేదు. చనిపోయిన మనిషి పేరు తీయబోయి బతికున్న మనిషి పేరు తీసేశారేమోనని నాకు అప్పుడు అనిపించింది. ఇప్పటికీ అట్లనే అనిపిస్తుంది. పక్క గదిలో అడగమన్నారు, పోయినం. రోడ్డవతలి బడిలో చూడమన్నారు, పోయినం. అక్కడ టెంటు కింద కూర్చున్న పార్టీల పిల్లలు కూడా సెల్‌ఫోన్లలో వెతికి పెదవి విరిచారు. పన్నెండు దాటాక ఇంటికి తిరిగొచ్చినం. సాయంత్రం వాడలో ఆడోళ్లంతా అరుగుల మీద కూర్చొని సిరా చుక్కలు చూసుకుంటుంటే మా అత్త ఎడమ చేతిని కొంగులో దాచుకున్నది. తప్పు చేసిన మనిషి లెక్క దాచుకున్నది.

లిస్టులో పేర్లు లేవని ఆ రోజు రాష్ట్రమంతటా జనం మొత్తుకున్నారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ పేర్లు గల్లంతైన ఓటర్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఒక అధికారి అట్లా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఎంతమందికి చెప్పినట్టు ఆ క్షమాపణ? వెయ్యి మందికా, లక్ష మందికా? బూత్ దాకా వచ్చి ఓటు వేయకుండా తిరిగిపోయినవాళ్లు ఎంతమందో ఏ రిజిస్టరూ చెప్పదు. నన్ను ఇన్నేండ్లుగా తొలుస్తున్నది ఇదే.

మన ఎన్నికల్లో లెక్క లేనిదంటూ ఏముంది? రెండు గంటలకోసారి పోలింగ్ శాతం చెప్తారు. ఓటు వేసిన ప్రతి మనిషి సంతకమో వేలిముద్రో 17ఏ రిజిస్టర్లో ఉంటుంది. మిషన్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి ఏజెంట్ల చేతికిస్తారు. ఎవరూ నచ్చలేదన్న మాటకు కూడా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది, దానికీ లెక్క ఉంది. చెల్లని ఓటుకైనా లెక్క ఉంది. 2025 ఫిబ్రవరి 27న మన కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగితే, కరీంనగర్‌లో రోజులకు రోజులు లెక్కపెట్టి, పోలైన రెండున్నర లక్షల ఓట్లలో 28,686 చెల్లలేదని తేల్చారు. అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టినా, అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు. గెలిచిన అంజిరెడ్డికీ రెండో స్థానంలో నిలిచిన నరేందర్ రెడ్డికీ చివరికి మిగిలిన తేడా 5,106. చదువుకున్నోళ్లకు ఓటు వేయరాలేదని అప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది. లెక్క బయటపడింది కాబట్టే ఆ చర్చ నడిచింది. మా అత్త లాంటివాళ్లు ఎంతమందో లెక్క లేదు, కాబట్టి వాళ్ల గురించి చర్చ కూడా లేదు.

అదే 2018లో ధర్మపురిలో ఏం జరిగిందో జగిత్యాల జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కొప్పుల ఈశ్వర్ గెలిచింది 441 ఓట్లతో. ఓడిపోయిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకు పోయారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశం మీద స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే ఒక గది తాళంచెవులు దొరకలేదు, చివరికి తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. పడిన ఓట్ల కాగితాల మీద అంత పోరాటం నడిచింది. నేను అడిగేది ఇంకో సంగతి. ఒక నియోజకవర్గంలో రెండు వందలకు పైగా బూత్‌లు ఉంటాయి. బూత్‌కు ఇద్దరు ముగ్గురు చొప్పున పేరు లేదని తిరిగిపోతే చాలు, 441 దాటుతుంది. ఏ బూత్‌లో ఎంతమంది తిరిగిపోయారో ఏ కోర్టు అడిగినా ఎవరు చెప్పగలరు?

పేర్లు ఎట్లా పోతాయో ఒక్క ముచ్చటలో తేలేది కాదు. 2015లో ఓటరు కార్డులను ఆధార్‌తో కలిపే పని పెద్ద ఎత్తున చేపట్టారు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అది ఆగిపోయింది. ఆలోపే తీసేయాల్సినవీ తీసేయకూడనివీ కలిపి చాలా పేర్లు పోయాయన్న ఆరోపణ 2018లో గట్టిగా వినిపించింది. ఇంటికి తాళం కనబడితే మనిషి ఊరు మారాడని రాసుకుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో తాళం వేసిన ఇండ్లకు కొదువ లేదు. మగోడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఆడమనిషి పిల్లల చదువు కోసం పట్నంలో ఉంటుంది. నేతపని వాళ్లు భివండికి పోయి వస్తుంటారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు పాస్‌పోర్టులోని ఊరి చిరునామాతో ఓటు నమోదు చేసుకోవచ్చని చట్టం వచ్చి చాలా ఏండ్లయింది, కానీ విమానం టికెట్ పెట్టుకొని సొంతూరి బూత్‌కు వస్తేనే ఆ ఓటు. వాళ్ల తరఫున ఇంకొకరు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది గానీ రాజ్యసభ ఆమోదం లేకుండానే 2019లో మురిగిపోయింది. ఇక పెళ్లయిన ఆడపిల్లల సంగతి. పుట్టింటి లిస్టులో పేరు తీసేస్తారు, అత్తింటి లిస్టులో ఎక్కించరు. ఓటు హక్కొచ్చి పదేండ్లయినా ఒక్కసారి కూడా వేయని కోడళ్లు నాకు తెలిసిన ఇండ్లలోనే ఉన్నారు.

ఇంటింటికీ తిరిగే బూత్ స్థాయి అధికారులను (బీఎల్‌ఓలను) తిట్టడం తేలిక. వాళ్లలో చాలామంది అంగన్‌వాడీ టీచర్లే. ఉన్న పనికి తోడు ఈ పని. 2025 ఆగస్టులో 12 వేలకు పెంచేదాకా వాళ్లకు ఏడాదికి ఇచ్చే గౌరవ వేతనం 6 వేల రూపాయలు. నెలకు ఐదు వందలన్న మాట. ఆ ఐదు వందలకు వెయ్యి మంది ఓటర్ల చావుపుట్టుకలు, పెండ్లిళ్లు, వలసలు రాసుకోవాలి.

2021 అక్టోబర్ 30 నాటి హుజూరాబాద్ ఉప ఎన్నికను గుర్తు చేసుకోండి. ఇంటింటికీ డబ్బు కవర్లు పంచుతున్నారని, తమకు మాత్రం అందలేదని కొన్ని ఊళ్లలో జనం బహిరంగంగానే రోడ్డెక్కారు. ఆ దృశ్యాలు చూసి చాలామంది జనాన్నే తిట్టారు. నాకు తట్టింది వేరే. కవర్లు పంచాలంటే ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు బొంబాయిలో ఉన్నారో, ఏ కోడలు కొత్తగా వచ్చిందో తెలియాలి. డబ్బు పంచడానికి మనిషి మనిషినీ వెతికి పట్టుకోగలిగిన ఊళ్లోనే, ఓటు వేయడానికి వచ్చిన మనిషి పేరు దొరకదు. ఇందులో సిగ్గుపడాల్సింది మా అత్త కాదు.

ఆదిలాబాద్ వైపు పోతే కథ మారుతుంది. అక్కడ పేరుంటే కూడా బూత్ దూరం. ఓటరు నడక రెండు కిలోమీటర్లు దాటకూడదన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న నియమం. గుట్ట మీది కోలాం గూడేనికి, వాగవతలి గోండు గూడేనికి ఆ రెండు కిలోమీటర్లు కాగితం మీది కొలతే. మరి టైమో? 2024 మే 13 లోక్‌సభ ఎన్నికలకు ఎండలు మండుతున్నాయని రాష్ట్రంలో పోలింగ్‌ను సాయంత్రం 6 దాకా పొడిగించారు. మంచి పనే. కానీ సిర్పూర్, ఆసిఫాబాద్, చెన్నూర్, బెల్లంపల్లి, మంచిర్యాల, మంథని వంటి చోట్ల మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలన్న పేరుతో 4 గంటలకే ముగించారు. కరీంనగర్‌లో ఇంటి పక్క బడిలో ఓటేసే నాకు 6 దాకా టైముంది. ఎండలో నడిచొచ్చే అడవి మనిషికి 4 దాకానే. 4 కొట్టేసరికి లైన్లో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి ఓటు వేయించాలని నియమం ఉంది. దారిలో ఉన్నవాళ్లకు ఏ చీటీ లేదు. భద్రత మాట నేను కాదనను. 1980, 90లలో బహిష్కరణ పిలుపుల మధ్య కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఓటు వేయడమంటే ఎంత భయమో చూసినవాళ్లం. కానీ పోగొట్టిన రెండు గంటలకు బదులు గూడేనికి దగ్గరగా ఇంకో బూత్ ఇవ్వాలి కదా.

కెరమెరి మండలం సరిహద్దు ఊళ్లది మరో తీరు. పరందోలి, అంతాపూర్, ముకదంగూడ చుట్టుపక్కల జనానికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నాయి. ఊరు తమదని తెలంగాణా అంటుంది, మహారాష్ట్రా అంటుంది. 2024లో ఏప్రిల్ 19న చంద్రపూర్ స్థానానికి, మే 13న ఆదిలాబాద్ స్థానానికి పోలింగ్ జరిగింది. ఒకే మనిషి పేరు రెండు లిస్టుల్లోనూ ఉంది. చట్టం ఒప్పుకోని పని అది. కానీ ఆ తప్పు ఆ మనుషులది కాదు, దశాబ్దాలుగా హద్దు తేల్చనివాళ్లది. రెండు ప్రభుత్వాలు కలిసి ఆ ఊరి మనిషిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాయి. నలభై ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్న మా అత్తను 2018లో ఒక్క ప్రభుత్వం ఒక్కసారి కూడా లెక్కపెట్టలేకపోయింది.

నేను అడిగేది ఒక్కటే. పేరు లేదని ఎవరినైనా వెనక్కి పంపితే చేతికి ఒక చీటీ ఇవ్వండి. మనిషి పేరు, కార్డు నంబరు, వచ్చిన టైము, వెనక్కి పంపిన కారణం, ప్రిసైడింగ్ అధికారి సంతకం. అంతే. రెండో ప్రతి బూత్‌లో ఉంచుకోండి. పోలింగ్ శాతం చెప్పిన సాయంత్రమే ఆ చీటీల సంఖ్య కూడా చెప్పండి. ఒకరి ఓటు ఇంకొకరు వేసిపోతే, అసలు ఓటరుకు 49పీ నిబంధన కింద టెండర్ ఓటు ఇస్తారు, దాన్ని 17బీ ఫారంలో రాస్తారు. దొంగ ఓటు వల్ల నష్టపోయినవారికి కాగితం ఉన్నప్పుడు, దొంగ తొలగింపు వల్ల నష్టపోయినవారికి ఎందుకుండకూడదు? లిస్టులోంచి పేరు తీసేముందు ఆ మనిషి మాట వినాలని 1950 నాటి చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది. 2025 ఆగస్టు 14న బీహార్ ఓటరు జాబితా సవరణ వ్యవహారంలో సుప్రీంకోర్టు, ముసాయిదా జాబితాలో లేకుండా పోయిన సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా బయటపెట్టమన్నది. బీహార్ ఓటరుకు కారణం తెలుసుకునే హక్కు ఉన్నప్పుడు కరీంనగర్ బీడీ కార్మికురాలికీ ఉండాలి.

వాట్సాప్‌లో ప్రతి ఎన్నికకూ తిరిగే ఒక మాట గురించి కూడా చెప్పాలి. లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయొచ్చని అది చెప్తుంది. అబద్ధం. ఛాలెంజ్ అంటే వచ్చిన ఓటరు అసలు మనిషేనా అని ఏజెంటు రెండు రూపాయలు కట్టి అనుమానం లేవనెత్తడం. పేరు లేనివారికి పోలింగ్ రోజున ఏ దారీ లేదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే లిస్టులో కొత్త పేరు ఎక్కదు. పేరుండి, మారిపోయారనో చనిపోయారనో వేరే జాబితాలో గుర్తు పెట్టి ఉంటే మాత్రం వెనక్కి రాకండి. గుర్తింపు కాగితం చూపించి, ప్రిసైడింగ్ అధికారి ముందు సంతకం, వేలిముద్ర వేసి ఓటు వేయవచ్చు. ఈ సంగతి తెలియక తిరిగొచ్చినవాళ్లు చాలామంది. మీ ఫోన్‌లో మీ పేరు వెతికేటప్పుడు ఫోన్ వాడరాని మీ అమ్మ పేరు, పక్కింటి అవ్వ పేరు కూడా వెతకండి. దొరక్కపోతే ఆ వారంలోనే ఆరో నంబరు ఫారం నింపించండి.

మా అత్తకు అట్లనే నింపించినం. 2023 నవంబర్ 30న ఆమె ఓటేసింది. బయటికొచ్చి సిరా పెట్టిన వేలును ఎండలో ఆరబెట్టుకుంటూ చాలాసేపు బడి గేటు దగ్గరే నిలబడ్డది. 2018లో ఆ పేరు ఎందుకు పోయిందో మాత్రం ఇవ్వాళ్టిదాకా ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు.