ఫార్మాట్ కొడితే దొంగకే లాభం

2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ కోఆపరేటివ్ బ్యాంకులో దొంగలు పడ్డారు. తాళాలు పగలగొట్టలేదు. ఉద్యోగులకు మెయిళ్లు పంపి, వాటి ద్వారానే సిస్టంలోకి చొరబడ్డారు. రూ.12 కోట్లకు పైగా సొమ్ము కొన్ని ఖాతాల్లోకి, అక్కణ్ణుంచి దేశమంతటా వందలాది ఖాతాల్లోకి పాకింది. ఐపీ అడ్రసులు చూస్తే దేశానికొకటి. అయినా పోలీసులు కొందరిని పట్టుకోగలిగారంటే, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో రికార్డు మిగిలింది కాబట్టి. భద్రత సరిగా పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

మన దగ్గర అలాంటి ఆనవాళ్లను మనమే తుడిచేస్తున్నాం. వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలానా’ పేరుతో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులిస్తే ఓటీపీలు అవతలివాడికి చేరతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. ఇంట్లో తెలిస్తే చీవాట్లు తప్పవని ముందు మెసేజ్ చెరిపేస్తారు. తర్వాత సెల్ షాపుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు. ఫైలు, పంపినవాడి నంబరు, ఓటీపీలు ఏ సర్వరుకు వెళ్లాయన్న ఆనవాలు, అన్నీ దాంతో సరి.

చేయాల్సింది వేరు. ఆ ఫోన్లో నెట్ ఆపెయ్యాలి. ఇంకో ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. లావాదేవీ నంబరు రాసిపెట్టుకోవాలి. ఫైలు జోలికి పోకూడదు.

కోర్టు మెట్టు ఎక్కాక ఇంకో చిక్కుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, డిజిటల్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువ రాయాలి. ఫైలు మొత్తాన్నీ లెక్కగట్టి కంప్యూటర్ ఇచ్చే గుర్తు అది; ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే 64 అక్షరాలుంటుంది. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. పంచనామా మూటకు వేసే లక్క సీలు లాంటిదన్నమాట. సర్టిఫికెట్లో ఒక భాగం పరికరం చూసుకునే వ్యక్తి, మరో భాగం నిపుణుడు నింపాలి.

మొవ్వ మండలంలో వరి రైతు ఆ నిపుణుణ్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? పోలీసు శాఖే సమకూర్చాలి. ఆలోగా గ్రామ సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, ఫైలు చెడకుండా కాపీ తీయడం, హ్యాష్ కట్టడం, తేదీ, టైము రాయడం నేర్పితే చాలు. కూచిపూడిలో మోసపోయినవాడు ముందు ఆ గడప తొక్కాలి, ఫార్మాట్ కొట్టే షాపు కాదు.

— మొవ్వ వాసి